మర్టిల్ బీచ్‌కి జూలైలో వెళ్తున్నాం, ఏ గోల్ఫ్ కోర్సులు ఎంచుకోవాలి?

షార్లెట్ శ్రీను

అందరికీ నమస్కారం. జూలై మూడో వారంలో నాలుగు కుటుంబాలం షార్లెట్ నుంచి కార్లలో మర్టిల్ బీచ్ వెళ్తున్నాం. నార్త్ మర్టిల్ బీచ్‌లో చెర్రీ గ్రోవ్ దగ్గర కాండో తీసుకున్నాం, శనివారం నుంచి శనివారం దాకా. ఆడేవాళ్లం ఎనిమిది మంది, అంటే రెండు ఫోర్‌సమ్‌లు. ఇద్దరికి హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు) 12 లోపు, నలుగురు 20కి పైన, మిగతా ఇద్దరూ ఈ ఏడాదే మొదలుపెట్టారు. మొత్తం మూడు రౌండ్లు ఆడాలని ఆలోచన. పిల్లలతో బీచ్‌కి వెళ్లే టైమ్ పోకూడదు, మధ్యాహ్నానికల్లా కాండోకి వచ్చేయాలి.

నెట్‌లో చూస్తే ఎనభై కోర్సుల పైనే కనిపిస్తున్నాయి, ప్రతిదానికీ మంచి రేటింగే. అందరూ కాలెడోనియా పేరే చెబుతున్నారు. సముద్రం కనిపించే కోర్సు ఒక్కటైనా ఆడాలని మావాళ్ల కోరిక. ప్యాకేజీ తీసుకోవాలా, విడివిడిగా బుక్ చేసుకోవాలా? కొత్తగా నేర్చుకుంటున్న ఇద్దరిని పెద్ద కోర్సులకి తీసుకెళ్లొచ్చా?

కేరీ వాసి

శ్రీను గారూ, ముందు మ్యాప్ తెరిచి, కోర్సుల పేర్ల సంగతి తర్వాత చూడండి. మర్టిల్ బీచ్ అంటున్నాం గానీ నిజానికి అది గ్రాండ్ స్ట్రాండ్ అనే 60 మైళ్ల తీరం. ఉత్తరాన లిటిల్ రివర్ నుంచి దక్షిణాన జార్జ్‌టౌన్ వైపు దాకా కోర్సులు పరుచుకుని ఉన్నాయి. మీ కాండో ఉత్తరపు కొసన, కాలెడోనియా దక్షిణాన పాలీస్ ఐలాండ్‌లో. మధ్యలో 40 మైళ్లకు అటూ ఇటూ. తెల్లవారుజామున ఫర్వాలేదు, గంటకు కాస్త అటూ ఇటూగా చేరతారు. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు జూలై ట్రాఫిక్‌లో హైవే 17 మీద ఇరుక్కుంటే గంటన్నర కూడా పట్టొచ్చు. మధ్యాహ్నానికల్లా బీచ్‌లో ఉండాలన్న మీ షరతు అక్కడే పోతుంది.

ఎటు వెళ్లినా హైవే 17 బిజినెస్ జోలికి పోకండి. 31 నంబర్ కరోలినా బేస్ పార్క్‌వే ఎక్కండి. దానికి టోల్ లేదు, సిగ్నల్స్ లేవు. దక్షిణాన అది 707 రోడ్డు దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి మరల్స్ ఇన్‌లెట్ దగ్గర 17 మీదకి చేరతారు. శనివారం మాత్రం అసలు టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) పెట్టుకోకండి. ఊరంతా కాండోలు ఖాళీ చేసేదీ, కొత్తవాళ్లు దిగేదీ ఆ రోజే.

సముద్రం సంగతి. ఇక్కడ కోర్సులు చాలావరకు సముద్రానికి ఎదురుగా ఉండవు. తీరం వెంబడి స్థలమంతా హోటళ్లదీ ఇళ్లదీ. నీళ్లు కనిపించే కోర్సులంటే ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అనే కాలువ పక్కన ఉన్నవి, లేదా ఉప్పునీటి మడుగుల అంచున ఉన్నవి. సముద్రానికి బాగా దగ్గరగా వెళ్లేది డ్యూన్స్ గోల్ఫ్ అండ్ బీచ్ క్లబ్. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ సీనియర్ డిజైన్ చేసిన పాత కోర్సు అది. 13వ హోల్, సరస్సును చుట్టుకుంటూ పోయే పార్-5 (అయిదు షాట్లలో ముగించాల్సింది), దాన్ని వాటర్‌లూ అంటారు. 2024 నుంచి పీజీఏ టూర్ పోటీ జరిగేది కూడా అక్కడే. కానీ అది సభ్యుల క్లబ్బు. బయటివాళ్లకి కొన్ని హోటళ్ల ద్వారానే టీ టైమ్ దొరుకుతుంది. కాండోలో దిగినవాళ్లకి కష్టం, ఆ ఆశ ఇప్పుడే వదిలేయండి.

మీకు దగ్గర్లో ఉన్నవి చాలు, వాటిలో మంచివి ఉన్నాయి. టైడ్‌వాటర్ చెర్రీ గ్రోవ్‌కి ఆనుకునే ఉంటుంది. 1990లో తెరిచారు. ఈ తీరమంతా చదునే అయినా అక్కడ నేల ఎత్తుపల్లాలతో ఉంటుంది. కొన్ని హోల్స్ మడుగుల అంచున, కొన్ని వాటర్‌వే వైపు. సముద్రం కావాలన్న మీవాళ్ల కోరిక సగమైనా తీరేది ఇక్కడే. ఫెయిర్‌వేలు (బాల్ పడాల్సిన, గడ్డి కోసిన దారులు) మరీ వెడల్పు కాదు, గాలి లేస్తే మడుగు వైపు హోల్స్‌లో బాల్స్ పోతాయి.

రెండోది బేర్‌ఫుట్ రిసార్ట్. ఒకే ప్రాంగణంలో డిజైనర్ల పేర్లతో నాలుగు కోర్సులు: లవ్, ఫేజియో, నార్మన్, డై. 2000లో తెరిచారు. మీ గుంపుకి లవ్ సరైనది. టీ (ప్రతి హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి చోటు బాగా ఉంటుంది. గ్రీన్ (కప్పు ఉండే నున్నటి గడ్డి) చుట్టూ గడ్డి పొట్టిగా కోసి ఉంటుంది కాబట్టి చిప్ (బాల్‌ని కొద్దిగా లేపే చిన్న షాట్) రానివాళ్లు గ్రీన్ బయటి నుంచే పట్టర్‌తో దొర్లించుకోవచ్చు. కొత్తవాళ్లకి అది ఎంత సాయమో చెప్పలేను. మధ్యలో పాత తోట బంగళా శిథిలాల్లా కట్టిన ఇటుక గోడలు వస్తాయి, ఫొటోలు అక్కడ తీసుకోండి. డై మాత్రం మీ ఎనిమిది మందిలో ఆరుగురికి నరకం. పేరు చూసి బుక్ చేయకండి.

బెర్ముడా గడ్డి

పై సమాధానం అంతా సరైనదే. దానికి జూలై సంగతి కలపాలి, ఎందుకంటే రేటింగులు చదివి ఎంచుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఏప్రిల్‌లో ఆడినవాడు రాసిన రివ్యూ జూలైలో మీకు పనికిరాదు. కోర్సు అదే, గ్రీన్లు వేరు.

ఇక్కడి గ్రీన్లు బెర్ముడా గడ్డివి, ఎక్కువగా అల్ట్రాడ్వార్ఫ్ అనే బాగా పొట్టి రకాలు. బెర్ముడా ఎండాకాలంలో బాగా పెరుగుతుంది. పెరిగినకొద్దీ పాత వేళ్లూ కాడలూ గడ్డి కింద పొరలా పేరుకుంటాయి. ఆ పొరను తొలగించి, కింది మట్టిని గుల్ల చేయడానికి ఏరిఫికేషన్ చేస్తారు. గొట్టాలున్న మిషన్‌తో గ్రీనంతా రంధ్రాలు పొడిచి, మట్టి ముక్కలు తీసేసి, పైన ఇసుక పోస్తారు. వేడిలో గడ్డి త్వరగా కోలుకుంటుంది కాబట్టి జూన్ నుంచి ఆగస్టు మధ్యలోనే ఈ పని పెట్టుకుంటారు. అరంగుళం గొట్టాలతో చేస్తే మామూలుగా 10 నుంచి 14 రోజులు పట్ (గ్రీన్ మీద దొర్లించే షాట్) గెంతుతూ పోతుంది. సన్నని సూదులతో చేస్తే రెండు మూడు రోజుల్లో తెలియకుండా పోతుంది. రెండూ ఒకటే అనుకోకూడదు.

తేదీలు చాలా కోర్సులు ముందే తమ సైట్లో పెడతాయి. అయినా ఫోన్ చేసి ప్రో షాప్‌లో అడగండి. ‘ఏరిఫికేషన్ ఉందా’ అని అడిగితే ‘గ్రీన్లు బాగున్నాయండీ’ అనే జవాబు వస్తుంది. ‘ఏ తేదీన చేశారు, ఏ సైజు గొట్టాలతో చేశారు, మేం వచ్చేది ఫలానా మంగళవారం’ అని అడిగితేనే సరైన జవాబు వస్తుంది. ఆ రోజుకి రెండు వారాలు దాటి ఉంటే నిశ్చింతగా బుక్ చేయండి. వారమే అయితే పక్క కోర్సుకి మారండి. బేర్‌ఫుట్ లాంటి చోట నాలుగు కోర్సులూ ఒకేసారి మూయరు, వంతులవారీగా చేస్తారు. కాబట్టి లవ్ దొరక్కపోతే ఫేజియో అడగండి.

అదే ఫోన్‌లో అడగాల్సిన మిగతావి:

- చెప్పిన రేటులో కార్ట్, ట్యాక్స్, రేంజ్ (ప్రాక్టీస్) బాల్స్ ఉన్నాయా. ఇక్కడ ఎక్కువ చోట్ల కార్ట్ కలిపే చెబుతారు, ట్యాక్స్ మాత్రం చివర్లో చేరుతుంది.
- టీ టైముల మధ్య ఎన్ని నిమిషాలు. 8 నిమిషాలకొక గుంపును వదిలే చోట రౌండ్ ఐదు గంటలకు సాగుతుంది, 10 అయితే కాస్త ఊపిరి ఆడుతుంది.
- వాన పడితే కార్ట్ దారి దిగొచ్చా లేదా. దారి మీదే ఉంచమంటే ప్రతి షాట్‌కీ నడక, కొత్తవాళ్లతో అరగంట అదనం.
- క్యాన్సిల్ చేయాలంటే 24 గంటల ముందా, 48 గంటల ముందా. ఎనిమిది మందికి కార్డు ఇచ్చినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

టైమ్ విషయంలో మొండిగా ఉండండి. జూలైలో ఆరుంబావు ప్రాంతంలో తెల్లవారుతుంది. ఏడు, ఏడున్నర లోపు టీ టైమ్ తీసుకోండి, రెండు గుంపులూ వరసగా. మధ్యాహ్నం నేల వేడెక్కాక సముద్రపు గాలి లోపలికి వస్తుంది. అది వేడిగాలిని పైకి నెట్టినచోట మబ్బు పట్టి ఉరుములు మొదలవుతాయి. రెండు నుంచి ఆరు మధ్య ఇది దాదాపు రోజూ జరిగే వ్యవహారం. మధ్యాహ్నం ట్వైలైట్ రేటు చౌక అని తీసుకుంటే సగం రౌండ్ దగ్గర హారన్ మోగుతుంది. ఒక్క పొడుగాటి హారన్ అంటే ఆ షాట్ కూడా కొట్టకుండా లోపలికి వచ్చేయడమే. చెట్టు కింద ఆగకండి, పైకప్పే ఉన్న కార్ట్‌లో కూర్చోకండి. మిగిలిన హోల్స్‌కి రెయిన్ చెక్ (మళ్లీ వచ్చి ఆడుకునే చీటీ) ఇస్తారా, ఎన్ని హోల్స్ లోపు ఆపేస్తే ఇస్తారు అన్నది కోర్సుకో రకం. డబ్బు కట్టేముందే కౌంటర్లో అడగండి.

జూలైలో ఉన్న మేలు రేటు. ఇక్కడ గోల్ఫ్ సీజన్ మార్చి నుంచి మే దాకా, మళ్లీ అక్టోబరు. వేసవిలో వచ్చేవాళ్లు బీచ్ కోసం వస్తారు కాబట్టి కోర్సులు రేట్లు బాగా దింపుతాయి. అందుకే ప్యాకేజీ మీకు అక్కర్లేదు. హోటల్ గదీ గోల్ఫ్ కలిపి తీసుకునేవాళ్లకే అది లాభం, మీకు కాండో ఉంది. ఒకే యాజమాన్యం కింద ఉన్న కోర్సుల్లో రెండు మూడు రౌండ్లు కలిపి తీసుకుంటే తగ్గింపు ఇస్తారేమో అడగండి. పైన్ లేక్స్, కింగ్స్ నార్త్, గ్రాండ్ డ్యూన్స్ లాంటివి ఒకే గ్రూపువి. బేర్‌ఫుట్‌లో రెండు రౌండ్లు ఆడినా అడగొచ్చు.

స్లోప్ 113

ప్రశ్నలో అసలు చిక్కు కోర్సు పేరు కాదు, ఎనిమిది మందీ ఏ టీ నుంచి కొడతారన్నది. అది తేలితే సగం కోర్సులు వాటంతటవే సరిపోతాయి.

కొలత సులువే. మీ డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) షాట్ మామూలుగా ఎంత దూరం పోతుందో చూడండి, ఒక్కసారి తగిలిన మంచి షాట్ కాదు. 250 గజాలైతే 6,200 నుంచి 6,400 గజాల కోర్సు. 225 అయితే 5,800 నుంచి 6,000. 200 అయితే 5,200 నుంచి 5,400. 175 అయితే 4,400 నుంచి 4,600. మీలో 20 పైన హ్యాండిక్యాప్ ఉన్న నలుగురూ బహుశా 200 దగ్గర ఉంటారు. వాళ్లు అలవాటుగా 6,300 గజాల వైట్ టీకి వెళ్లిపోతారు. ప్రతి పార్-4కీ రెండో షాట్ ఫెయిర్‌వే వుడ్, అదీ నీళ్ల మీదుగా. అక్కడ పోయేది బాల్సూ, టైమూ. ముందు టీకి వెళ్లడం చిన్నతనం అనుకునేవాళ్లకి ముందే నచ్చజెప్పండి.

స్కోర్‌కార్డ్ మీద ప్రతి టీకీ రెండు అంకెలు ఉంటాయి: రేటింగ్ (మంచి ఆటగాడికి పట్టే షాట్లు), స్లోప్ (మామూలు ఆటగాడికి అది ఇంకెంత కష్టమో). సగటు స్లోప్ 113. మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ని స్లోప్‌తో గుణించి 113తో భాగించి, రేటింగ్‌లోంచి పార్ తీసేస్తే వచ్చిన తేడా కలపండి. ఇండెక్స్ 22 అనుకుందాం. స్లోప్ 125, రేటింగ్ 70, పార్ 72 ఉన్న టీ నుంచి మీకు రాయితీగా 22 స్ట్రోకులు వస్తాయి. అదే కోర్సులో వెనక టీ స్లోప్ 135, రేటింగ్ 73 అయితే 27. ఆ అయిదు స్ట్రోకుల తేడానే ఆ టీ ఎంత కష్టమో చెబుతోంది. కోర్సు ఎంచుకునేటప్పుడు కూడా, మీరు ఆడబోయే టీ స్లోప్ 125 దగ్గరే ఉండేలా చూడండి. 135 దాటితే మిశ్రమ గుంపుకి సుఖం ఉండదు.

ఇద్దరు కొత్తవాళ్లు ఉన్నారు కదా, వాళ్లని ఒకే ఫోర్‌సమ్‌లో వేయకండి. గుంపుకొకరు చొప్పున పెట్టి స్క్రాంబుల్ ఆడండి: నలుగురూ కొడతారు, అన్నిట్లో మంచి బాల్ దగ్గర నుంచి మళ్లీ నలుగురూ కొడతారు. కొత్తవాడి చెడ్డ షాట్ జేబులోకి పోతుంది, మంచి పట్ ఒక్కటి పడితే గుంపంతా కేకలు వేస్తుంది. వరస టీ టైములు కాబట్టి రెండు గుంపుల మధ్య పోటీ కూడా కుదురుతుంది. టైడ్‌వాటర్‌కి మాత్రం వాళ్లిద్దరినీ ఆటకి తీసుకెళ్లొద్దని నా సలహా. ఆ రోజు పిల్లల్ని తీసుకుని కేన్ ప్యాచ్ పార్-3 కోర్సుకి పంపండి. వెడ్జ్, ఏదో ఒక పొట్టి ఐరన్, పట్టర్ చాలు. ఇంకా మామూలు 18 హోల్స్ కావాలంటే ఎయిర్‌పోర్ట్ పక్కన విస్పరింగ్ పైన్స్ ఉంది, నగరపాలక సంస్థది. ఆర్భాటం లేదు, కొత్తవాళ్లని చూసి ఎవరూ మొహం చిట్లించరు.

షార్లెట్ శ్రీను

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో అడగాల్సినవి రాసుకున్నాను. ఇద్దరు మాత్రం కాలెడోనియా ఆడకుండా రామంటున్నారు. ఒక్క రోజు దక్షిణానికి వెళ్తే దారి ఏమైనా ఉందా? ఆడవాళ్లూ పిల్లలూ కూడా ఆ రోజు మాతో వస్తే?

పాలీస్ ఐలాండ్ రోడ్డు

ఉంది అన్నా, పైగా బాగా కుదురుతుంది. అయితే ఎనిమిది మందీ కాలెడోనియా ఆడకండి, నలుగురే ఆడండి.

కాలెడోనియా మైక్ స్ట్రాంట్జ్ చేసిన కోర్సు, 1994ది. ఒకప్పటి వరిచేల ఎస్టేట్ నేల అది. లోపలికి వెళ్లే దారికి రెండువైపులా పాత లైవ్ ఓక్ చెట్లు, వాటి నుంచి వేలాడే బూడిదరంగు నాచు. పార్ 70, వెనక టీ నుంచి కూడా 6,500 గజాలే. అంకె చూసి సులువనుకుంటారు. కానీ పొడవు లేని కోర్సుల్లో దిశ తప్పితే శిక్ష ఎక్కువ. చెట్ల కొమ్మలు ఫెయిర్‌వే మీదకి వస్తాయి, ఇటు వైపు నుంచి గ్రీన్ కనిపిస్తుంది, అటు వైపు నుంచి కనిపించదు. 18వ హోల్‌లో రెండో షాట్ నీళ్ల మీదుగా, గ్రీన్ క్లబ్‌హౌస్ వరండా కిందే. అక్కడ కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా మీ షాటే చూస్తుంటారు. 12 లోపు హ్యాండిక్యాప్ ఇద్దరికీ, ఇంకో ఇద్దరు నిలకడగా కొట్టేవాళ్లకీ ఇది పెట్టిన డబ్బుకి తగిన కోర్సు.

మిగతా నలుగురికీ రోడ్డుకి అవతలే ట్రూ బ్లూ. అదీ స్ట్రాంట్జ్‌దే, 1998. ఫెయిర్‌వేలు చాలా వెడల్పు, డ్రైవర్ అటూ ఇటూ పోయినా బాల్ దొరుకుతుంది. కష్టం అంతా రెండో షాట్‌లోనూ, విశాలమైన ఇసుకలోనూ. ఆ ఇసుకలో ఎక్కువ భాగం వేస్ట్ ఏరియా, అంటే బంకర్ లెక్క కాదు: క్లబ్ నేలకి ఆనించొచ్చు, ప్రాక్టీస్ స్వింగ్‌లో ఇసుక తగలొచ్చు. ఏది వేస్ట్, ఏది బంకర్ అన్నది స్కోర్‌కార్డ్ వెనక లోకల్ రూల్స్‌లో చూసుకోండి. ముందు టీ నుంచి కొట్టండి, 18వ హోల్ పక్కన పొడవునా నీళ్లున్నాయని గుర్తుంచుకోండి. కొత్తవాళ్లలో ఒకరైనా ఈ రోజు కార్ట్‌లో కూర్చుని చూడటమే మేలు.

రెండు కోర్సులకీ 7:30 దగ్గర టీ టైమ్ దొరికితే అందరూ ఒంటిగంటకి బయటపడతారు. ఇంట్లోవాళ్లని మీరు ఆడేలోపు బ్రూక్‌గ్రీన్ గార్డెన్స్ చూడమనండి. దారిలోనే, మరల్స్ ఇన్‌లెట్ దాటాక వస్తుంది. శిల్పాల తోట, చిన్న జూ కూడా ఉంది. తొమ్మిదిన్నరకి ముందు వాళ్లని అక్కడికి లాక్కురాకండి, వేరే కారులో మెల్లగా బయల్దేరమనండి. దానికి ఎదురుగానే హంటింగ్టన్ బీచ్ స్టేట్ పార్క్. మధ్యాహ్నం మీరు అక్కడికే వచ్చి కలవండి, హోటళ్లు లేని బీచ్. సాయంత్రం ఆరు దాటాక తిరిగి బయల్దేరితే ట్రాఫిక్ కూడా సన్నబడుతుంది. బుధవారమో గురువారమో పెట్టుకోండి.

అక్కడి చెరువుల్లో మొసళ్లు ఉంటాయి. ఎండలో గట్టు మీద కదలకుండా పడుంటాయి, దుంగేమో అనిపిస్తుంది. బాల్ కోసం నీళ్ల అంచుకి వంగి చేయి పెట్టకండి, ఎవరో పోగొట్టిన బాల్స్ ఏరడానికి అసలు పోకండి. మీ బాల్ మామూలు గడ్డిలో ఉండి పక్కన మొసలి ఉంటే రూల్ 16.2 కింద పెనాల్టీ లేకుండా దూరంగా డ్రాప్ చేసుకోవచ్చు. బాల్ పెనాల్టీ ఏరియా (చెరువులాంటి, గుర్తు పెట్టిన చోటు) లోపల ఉంటే ఉచిత డ్రాప్ కూడా ఆ ఏరియా లోపలే. బయటికి తీసుకోవాలంటే ఒక స్ట్రోక్ పడుతుంది. పెద్దమొత్తం పందెం ఉంటే ఇది ముందే మాట్లాడుకోండి.

బెర్ముడా గడ్డి

షార్లెట్‌లో బెంట్ అనే వేరే రకం గడ్డి గ్రీన్ల మీద ఆడే అలవాటు ఉంటే ఇంకో రెండు మాటలు. బెర్ముడా గడ్డి ఒక దిక్కుకి వాలి ఉంటుంది. బాల్ వెనక నిలబడి చూసినప్పుడు గ్రీన్ మెరుస్తూ కనిపిస్తే గడ్డి మీ నుంచి అవతలికి వాలింది, పట్ వేగంగా పోతుంది. ముదురుగా, మెరుపు లేకుండా కనిపిస్తే ఎదురు, గట్టిగా కొట్టాలి. అనుమానం ఉంటే కప్పు అంచు చూడండి: ఒక వైపు అంచు ఎండి చిట్లినట్టు ఉంటే గడ్డి ఆ వైపుకే వాలింది. చిప్ చేసేటప్పుడు ఎదురు గడ్డిలో వెడ్జ్ అంచు గుచ్చుకుపోతుంది, అక్కడ 8 ఐరన్‌తో దొర్లించండి, వీలైతే పట్టరే తీయండి.

రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పొడుగు గడ్డిలో) బాల్ అడుగుకి దిగిపోతుంది. జూలైలో మరీను, గడ్డి రోజూ పెరుగుతుంది. అక్కడి నుంచి హైబ్రిడ్‌తో గ్రీన్ అందుకోవాలని చూసేవాళ్లు బాల్‌ని పది గజాలు జరుపుతారు. 9 ఐరన్‌తో ఫెయిర్‌వేలోకి వచ్చి, అక్కడి నుంచి మూడో షాట్.

తలా ఒక డజను బాల్స్, రెండు గ్లౌజులు, ఒక చిన్న టవల్ పెట్టుకోండి. చెమటకి గ్లౌజు తొమ్మిదో హోల్‌కే తడిసిపోతుంది, మార్చుకుంటే క్లబ్ చేతిలో తిరగదు. బయటి కూలర్లు చాలా కోర్సులు రానివ్వవు, నీళ్ల సీసాలు ఎవరూ ఏమీ అనరు. కాలరున్న చొక్కా, జీన్స్ కాని షార్ట్స్ అని కొత్తవాళ్లిద్దరికీ ముందే చెప్పండి.

షార్లెట్ శ్రీను

అయితే ఇలా అనుకుంటున్నాం: సోమవారం బేర్‌ఫుట్ లవ్ ఎనిమిది మందిమీ స్క్రాంబుల్, మంగళవారం బీచ్, బుధవారం దక్షిణానికి, గురువారం ఖాళీ, శుక్రవారం టైడ్‌వాటర్ ఆరుగురు.

కేరీ వాసి

టైడ్‌వాటర్‌ని సోమవారానికీ లవ్‌ని శుక్రవారానికీ మార్చి చూడండి. శుక్రవారం నుంచే వారాంతపు రేటు వేసే చోట్లు ఉన్నాయి, పైగా ఆ రోజు జనం ఎక్కువ. మడుగుల పక్కన ఇరుకు హోల్స్‌లో ముందు గుంపు కోసం ఆగుతూ ఆడటం విసుగు. ఆరుగురంటే ముగ్గురేసి రెండు గుంపులు అవుతారు. ఖాళీ చోటులో ఇంకొకరిని కలుపుతారని ముందే అడిగి తెలుసుకోండి. బేర్‌ఫుట్‌లో ఎనిమిది మందికి వరస టైములు కావాలంటే మాత్రం ఈ వారమే ఫోన్ చేయండి.